బడిలో ఒక నెల: అద్భుత కథలకు, సైన్స్ కథలకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పదిహేను నిమిషాలిచ్చి పాత జ్ఞాపకాలు చెప్పమన్నారు. పాత జ్ఞాపకాలన్నీ నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. బెల్లు మోగించిన ఇనుప ముక్క, లెక్కల సారు బెత్తం, వాన పడితే కారిన పైకప్పు, ఏదీ మిగల్చలేదు. అందుకని నేను ఒకే ఒక్క జ్ఞాపకం చెబుతాను. దాన్ని అడ్డం పెట్టుకుని మిమ్మల్ని ఒక పని అడుగుతాను.

పని ఏమిటో ముందే చెప్పేస్తే మీకు అనుమానం ఉండదు. వచ్చే సంవత్సరం జులై 24 నుంచి ఆగస్టు 23 దాకా, ముప్పై ఒక్క రోజులు, మన బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు అద్భుత కథలు, సైన్స్ కథలు చదవాలి. మాంత్రికులు, ఎగిరే గుర్రాలు, కాలంలో వెనక్కిపోయే యంత్రాలు, చంద్రుడి మీదికి ప్రయాణాలు. పరీక్షలో వచ్చేది ఒక్కటీ ఉండదు. దానికి సంఘం నిధిలోంచి కొంత ఇవ్వాలి. ఇదీ నా కోరిక. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు. నవ్వండి. ముప్పై ఏళ్ళ కింద ఈ మాట ఎవరన్నా అంటే నేను కూడా నవ్వేవాణ్ణే. ఎందుకు మారానో చెబుతాను.

1977లో నేను ఏడో తరగతి. ఊళ్ళో నా తోటి పిల్లవాడి ఇంటికి ప్రతి నెలా చందమామ వచ్చేది. సాయంత్రం బడి వదలగానే నలుగురం వాళ్ళ అరుగు మీద చేరేవాళ్ళం. ఒకడు చదవాలి, మిగతావాళ్ళు బొమ్మలు చూడాలి. అప్పుడు మాయాసరోవరం సీరియల్ వస్తోంది. జయశీలుడు, సిద్ధసాధకుడు అనే ఇద్దరు వీరులు. చిత్రా గారి బొమ్మలు. నెల నెలా సరిగ్గా ప్రమాదం ముంచుకొచ్చిన చోట కథ ఆగిపోయేది. 'ఇంకా ఉంది' అని ఉండేది. ఆ రెండు మాటల మీద మేము నెలంతా బతికేవాళ్ళం.

ఆ ఏడాది సంక్రాంతి కాగానే మా నాయన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. అడ్వాన్సు తీసుకుంటే ఇక అడగడానికేమీ ఉండదు. తట్ట, పార, గడ్డపార, సట్టి, గిన్నె మూటగట్టుకుని ఇల్లంతా లారీ ఎక్కాలి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు కట్టిన చోట, కాలువలు తవ్విన చోట మన జిల్లా మనుషులు ఉన్నారు. మేము కూడా ఒక కాలువ పనికి పోయాం. నేను పుస్తకాల సంచి తీసుకుపోలేదు. తీసుకుపోయి ఏం చేయాలి?

అక్కడ గుడిసెల ముందర రాత్రిపూట రొట్టెలు తిని అందరూ నడుం వాల్చేవాళ్ళు. ఒక రాత్రి మా మేనమామ అన్నాడు: "ఏమిరా పిల్లగా, బడిల ఏం సదివినవో జర చెప్పు." నేను ఎక్కాలు అందుకున్నాను. "అవి గాదురా. ఏదన్న కథ చెప్పు" అన్నాడు. నాకు తెలిసిన కథ మాయాసరోవరం ఒక్కటే. చదివిన భాగాలన్నీ మూడు రాత్రులు చెప్పాను. నాలుగో రాత్రికి అయిపోయింది.

"తర్వాతేమైంది?" అన్నాడు మామ.

"నాకు తెల్వదు మామా. వచ్చే నెల బుక్కుల వస్తది."

"వచ్చే నెల బుక్కు ఈడికి రాదు గద. నువ్వే చెప్పు."

అట్లా నేను పన్నెండేళ్ళ వయసులో కథ కట్టడం మొదలుపెట్టాను. జయశీలుణ్ణి, సిద్ధసాధకుణ్ణి మా కాలువ దగ్గరికే రప్పించాను. అక్కడ ఒక మాంత్రికుడున్నాడు. వాడి దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉంది. ఎవరైనా వాడి చేతి నుంచి ఒక్క నాణెం తీసుకుంటే, రోజూ రాత్రి ఆ పుస్తకంలో వాళ్ళ పేరు కింద ఇంకొక గీత తనంతట తానే పడుతుంది. పగలంతా పనిచేసి ఒక గీత చెరిపేస్తే తెల్లారేసరికి రెండవుతాయి. జనం ఎంత నవ్వారో! ఆడవాళ్ళు కూడా పక్క గుడిసెల నుంచి వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ మాంత్రికుడు ఎవరో అందరికీ తెలుసు. ఒక్కరూ పేరెత్తలేదు. ఒక రోజు మేస్త్రీ కూడా వచ్చి కూర్చున్నాడు. నా గొంతులోంచి మాట రాలేదు. మామ నా వీపు తట్టి, "చెప్పరా, రాక్షసుల కథనే గద" అన్నాడు.

మేస్త్రీ కథంతా విని, నవ్వి, లేచి వెళ్ళిపోయాడు. అతనికి అర్థమైందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. పగలు నోరు తెరిచి అనలేని మాటను రాత్రి మాంత్రికుడి కథలో అనవచ్చు. అద్భుత కథ పిల్లల కాలక్షేపం అనేవాళ్ళకు నేను ఈ రాత్రినే గుర్తుచేస్తాను.

వానలు పడ్డాక తిరిగొచ్చాం. ఆరు సంచికలు పోయాయి. మా మిత్రుడి ఇంట్లో పాత చందమామలు ఎవరో అడిగి తీసుకుపోయారట. ఆ ఆరు నెలల కథ నాకు దొరకలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆ సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చినప్పుడు కొని చదివాను. నేను కట్టిన కథకూ అసలు కథకూ ఏ పొంతనా లేదు. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. ఆ సీరియల్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు, ఇట్లా పన్నెండు సీరియళ్ళు రాశారు. మాయాసరోవరం వాటిలో చివరిది. చందమామలో ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. లక్షలమంది పిల్లల చేత ఊపిరి బిగబట్టించిన మనిషి పేరు ఆ పిల్లలకు తెలియదు. ఈ వేదిక మీదనైనా ఆ పేరు ఒకసారి చెప్పాలనిపించింది.

ఇంత చేసి, నేను పెద్దయ్యాక ఏం చేశానో వినండి.

చదువుకుని సైన్స్ టీచరునయ్యాను. నేను పనిచేసిన ఒక బడిలో, ఊరి పేరు చెప్పను, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నా క్లాసులో సైన్స్ పుస్తకం మధ్యలో యండమూరి వీరేంద్రనాథ్ గారి యుగాంతం పెట్టుకుని చదువుతూ దొరికాడు. భూమి అంతమైపోతుందని తెలిసినప్పుడు మనుషులు ఎట్లా ప్రవర్తిస్తారన్నది ఆ నవల. నేను ఆ పుస్తకం గుంజుకుని, "సైన్స్ క్లాసులో అబద్ధాలు చదువుతావా?" అని నిలబెట్టి, పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ ఏడాదే వాడు బడి మానేశాడు. నా మూలంగా మానేశాడని అనను. ఇంట్లో కారణాలున్నాయి. కానీ నేను ఆపలేదన్నది నిజం.

పదేళ్ళ కింద జడ్చర్ల రోడ్డు మీద ఒక హోటల్లో చాయ్ తాగుతుంటే జేసీబీ ఆపరేటర్ ఒకతను వచ్చి దండం పెట్టాడు. నేను గుర్తుపట్టలేదు. తనే చెప్పాడు. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక వెళ్ళబోతూ ఆగి, నవ్వుతూ అడిగాడు: "సార్, ఆ బుక్కుల ఆఖరికి భూమి బతికిందా, పోయిందా?"

నేను చెప్పబోయాను. "వద్దు సార్, చెప్పకండి. బుక్కే ఇయ్యండి" అన్నాడు.

మిత్రులారా, నా చేతిలోంచి కథను కరువు లాక్కుంది. ఆ పిల్లవాడి చేతిలోంచి నేనే లాక్కున్నాను. మరుసటి వారం హైదరాబాదు పోయి యుగాంతం కొని అతనికి ఇచ్చాను. ఇరవై ఏళ్ళు ఆలస్యమైంది. అప్పటి నుంచి ఈ నెల రోజుల ఆలోచన నా వెంటబడింది.

కథలు అబద్ధాలు కదా అనే ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. సైన్స్ టీచరుగా నేనే ఆ ప్రశ్న వేశాను కనుక నేనే జవాబు చెప్పుకోవాలి.

ఆర్థర్ క్లార్క్ అని ఇంగ్లండులో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన సైన్స్ కథల రచయిత ఉండేవాడు. ఆయన 1945లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని నిలిపితే, అది భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనబడుతుంది, అట్లాంటివి మూడుంటే ప్రపంచమంతా ప్రసారాలు చేయవచ్చు అన్నాడు. అప్పటికి మనిషి ఒక్క ఉపగ్రహాన్ని కూడా పైకి పంపలేదు. సరిగ్గా ముప్పై ఏళ్ళకు, 1975 ఆగస్టు 1న, మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు అట్లాంటి ఉపగ్రహం నుంచే టీవీ కార్యక్రమాలు వచ్చాయి. సైట్ అని పిలిచేవారు. అమెరికా వాళ్ళ ఉపగ్రహం, మన ఇస్రో ఏర్పాట్లు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని తెలుగులో వ్యవసాయం కార్యక్రమం చూసిన రైతుకు దాని వెనక ఒక కథకుడి ఊహ ఉందని తెలియదు.

ఇంకో మాట. రోబో అనే పదం మన పిల్లలందరికీ తెలుసు, రజనీకాంత్ సినిమా మూలంగా. ఆ పదం ప్రయోగశాలలో పుట్టింది కాదు. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత రాసిన నాటకంలో పుట్టింది. చెక్ భాషలో రోబోత అంటే జీతం లేకుండా దొర పొలంలో చేసే పని. మన భాషలో చెప్పాలంటే వెట్టి. వెట్టి ఏమిటో తెలంగాణలో పుట్టినవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. ఆ నాటకంలో వెట్టి చేసే యంత్ర మనుషులు చివరికి తిరగబడతారు. ఈ సంగతి నేను ఒక తొమ్మిదో తరగతి పిల్లకు చెబితే, "అయితే రోబో మన లెక్కనే అన్నట్టు" అన్నది. ఆ ఒక్క మాటకు నేను పది మార్కులు వేస్తాను.

దూరం ఎందుకు? కృష్ణ నీళ్ళు గుట్టలెక్కి వస్తాయని నా చిన్నప్పుడు మా అవ్వకు చెబితే, కాశీమజిలీ కథ చెబుతున్నాననుకునేది. ఇప్పుడు ఎల్లూరు దగ్గర శ్రీశైలం జలాశయం నీళ్ళను ఎత్తి, జొన్నలబొగడ, గుడిపల్లిగట్టు దాటించి మన జిల్లా చెరువులకు తెస్తున్నారు. మనం కాలువ గట్టు మీద నిలబడి ఫోటోలు దిగుతున్నాం. ముందు ఎవరో ఒకరు ఊహించాలి. అందరూ నవ్వాలి. ఆ తర్వాత ఎవరో లెక్కలు వేయాలి. పిల్లలకు మనం లెక్కలు మాత్రం నేర్పి, మొదటి మెట్టు తీసేస్తున్నాం.

ఇక నెల రోజుల పథకానికి వస్తాను. ఇది గాలిలో కట్టింది కాదు. పోయిన ఏడాది మే నెలలో మా ఇంటి అరుగు మీద తొమ్మిదిమంది పిల్లలతో చేసి చూశాను. చెడిపోయింది. ఎందుకు చెడిందో చెబితేనే పథకం ఎట్లా ఉండాలో అర్థమవుతుంది.

మొదటి తప్పు, నెల. మే నెలలో పిల్లలు ఊళ్ళో ఉండరు. అమ్మమ్మ ఇళ్ళకు పోతారు, పెళ్ళిళ్ళకు పోతారు. రెండో వారానికి నలుగురు మిగిలారు. నవంబరు అందామా, బాలల దినోత్సవం, గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి కానీ అప్పుడు పత్తి ఏరే కాలం. సగం మంది పిల్లలు చేలల్లో ఉంటారు. ఫిబ్రవరి, మార్చి పరీక్షలు. అందుకే జులై 24 నుంచి అంటున్నాను. విత్తనాలు పడి ఉంటాయి, పత్తి ఇంకా విచ్చి ఉండదు, బడి తెరిచి నెల దాటి ఉంటుంది. ఆగస్టు 23న ముగిస్తే ఆ రోజు జాతీయ అంతరిక్ష దినోత్సవం. 2023లో అదే రోజున చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి ప్రాంతంలో దిగింది. నెల రోజులు ఊహలో చంద్రుడి మీదికి పోయి, చివరి రోజు నిజంగా పోయిన కథ వినాలి.

రెండో తప్పు, లావు పుస్తకాలు. విశ్వనాథ సత్యనారాయణ గారి హాహాహూహూ అంటే నాకు ప్రాణం. గుర్రం ముఖమున్న గంధర్వుడు రెక్కలు పోగొట్టుకుని లండన్ నగరం నడిబొడ్డున పడతాడు, పెద్ద పెద్ద పండితులంతా ఇదేం జంతువని తలలు పట్టుకుంటారు. ఇంతకంటే మంచి ఫాంటసీ ఏముంది? మొదటి రోజే పిల్లల చేతికిచ్చాను. ఆ భాష వాళ్ళకు గట్టు ఎక్కినట్టయింది. మూడో రోజు నేనే బిగ్గరగా చదివి, మధ్యమధ్య మన మాటల్లో చెబితే పడీ పడీ నవ్వారు. తప్పు పుస్తకానిది కాదు, ఇచ్చిన తీరుది.

మూడో సంగతి చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లల్లో తెలుగు తడుముకోకుండా చదవలేనివాళ్ళున్నారు. మనలో చాలామందికి తెలుసు, పైకి చెప్పం. కాబట్టి రోజూ నలభై నిమిషాల్లో ఇరవై నిమిషాలు ఒకరు బిగ్గరగా చదవాలి, అందరూ వినాలి. మిగతా ఇరవై నిమిషాలు ఎవరికి వారు చదువుకోవాలి, లేదా ఇద్దరు కలిసి. వినడం చదవడం కాదని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. మణిసిద్ధుడు చెబుతుంటే గోపడు విన్నాడు. పన్నెండు భాగాల కాశీమజిలీ కథలంతా ఆ వినడంలోనే నడిచింది.

నాలుగోది అసలైనది. నా తొమ్మిదిమందిలో ఒక ఆడపిల్ల, అందరికంటే బాగా చదివేది, మూడో వారం మధ్యలో రాలేదు. కనుక్కుంటే వాళ్ళమ్మా నాయనా హైదరాబాదులో కట్టుబడి పనికి పోయారు. పిల్లను వెంట తీసుకుపోయారు. నా పుస్తకం ఆ పిల్లతో పోయింది. మొదట, నిజం చెబుతున్నాను, పుస్తకం పోయిందే అనుకున్నాను. ఆ రాత్రి మా గుడిసెలు గుర్తుకొచ్చి సిగ్గేసింది. ఆ పుస్తకం ఇంకా తిరిగి రాలేదు. రానక్కర లేదు.

కాబట్టి ఈ పథకానికి నేను పెట్టుకున్న మొదటి నియమం ఇది: మధ్యలో వెళ్ళిపోయే పిల్ల కోసం దీన్ని కట్టాలి. ఏ వారానికి ఆ వారం పూర్తయిపోవాలి. వారం కింది కథ తెలియకపోయినా ఈ వారం అర్థం కావాలి. ఎవరైనా పని మీద ఊరు విడిచిపోతే చేతిలో ఉన్న పుస్తకం వాళ్ళదే. రిజిస్టరులో 'పోయింది' అని రాయకూడదు, 'వెంట తీసుకుపోయింది' అని రాయాలి. పుస్తకాలకు జరిమానా లేదు, తాళం లేదు. తాళాల సంగతి నేను మీకు చెప్పేశాను.

ఇక వారాలు.

మొదటి వారం మన అద్భుతాలు. పేదరాసి పెద్దమ్మ, కాశీమజిలీ, చందమామ సీరియళ్ళు, బేతాళ కథలు. చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. పిల్లలు ఇంటికి పోయి అవ్వ చేతనో తాత చేతనో ఒక కథ చెప్పించుకుని మరుసటి రోజు బడిలో చెప్పాలి. మన ఊళ్ళల్లో ఇంకా కథలున్న ముసలివాళ్ళున్నారు. ఫోనులో రికార్డు చేయవచ్చు.

రెండో వారం ప్రయాణాలు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లోనే మనుషుల్ని ఫ్లారిడా నుంచి చంద్రుడి వైపు పంపాడు. నూరేళ్ళ తర్వాత అపోలో బయల్దేరింది ఫ్లారిడా నుంచే. ఆయనదే ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ నవలలో రైలు పట్టా మన దేశం మధ్యలో ఆగిపోతే దొరగారు ఏనుగును కొంటాడు. పిల్లలకు నచ్చకుండా ఉంటుందా? తర్వాత హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం. అది చదివిన రోజు సాయంత్రం ఆదిత్య 369 సినిమా. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన ఆ సినిమాలో కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల కాలానికి పోతారు. వెల్స్ ఊహ మన రాయల సభలోకి ఎట్లా వచ్చిందో పిల్లలే పోల్చి చెప్పాలి.

ఇక్కడే వాళ్ళకు ఒక తేడా నేర్పాలి. పాతాళభైరవిలో తోట రాముడికి మేడ కావాలంటే బొమ్మను అడుగుతాడు, వస్తుంది. ఎట్లా వచ్చిందని మనం అడగం. ఆదిత్య 369లో వెనక్కి ఎట్లా పోయారని అడుగుతాం, ఒక శాస్త్రవేత్త యంత్రం చేశాడని కథ జవాబు చెబుతుంది. 'ఎట్లా?' అనే ప్రశ్నకు మంత్రం జవాబైతే అద్భుత కథ, యంత్రమో సూత్రమో జవాబైతే సైన్స్ కథ. ఇంతకంటే పెద్ద నిర్వచనం తొమ్మిదో తరగతికి అక్కర లేదు. పోయినేడాది మా అరుగు మీద ఒకడు లేచి, మరి కల్కి సినిమా ఎందులోకి వస్తుందని అడిగాడు. మన జిల్లా ఐతోలు మూలాలున్న నాగ్ అశ్విన్ తీసిన కల్కి 2898 ఏడీలో అశ్వత్థామ ఉన్నాడు, యంత్రాలూ ఉన్నాయి. గంటసేపు కొట్లాడుకున్నారు. తేలలేదు. తేలకపోతేనే మంచిది.

మూడో వారం యంత్రాలు, మనుషులు. చాపెక్ రోబో, ఐజక్ అసిమోవ్ 1942 నాటి కథలో పెట్టిన మూడు రోబో సూత్రాలు: మనిషికి హాని చేయకూడదు, మనిషి మాట వినాలి, ఆ రెండింటికీ అడ్డురానంతవరకు తనను తాను కాపాడుకోవాలి. అవి ఎక్కడ తప్పుతాయో పిల్లలు కనిపెట్టాలి. ఇప్పుడు ఫోనులో కృత్రిమ మేధతో ముచ్చటపెట్టే పిల్లలు వీళ్ళు. వాళ్ళకంటే ఈ వారం ఎవరికి అవసరం? మన దేశం వాళ్ళు కూడా ఉండాలి. జగదీశ్ చంద్రబోస్ అంటే మొక్కల మీద పరిశోధనలే చెబుతాం. ఆయన 1896లోనే బెంగాలీలో ఒక కథ రాశాడు. తలనూనె కంపెనీ వాళ్ళు పెట్టిన పోటీకి రాసిన కథ అది. సముద్రంలో తుఫాను ఒక సీసా తలనూనెతో అణిగిపోతుంది. రొకేయా హుస్సేన్ అనే ఆమె 1905లో సుల్తానా కల అని రాసింది, అచ్చయింది మన మద్రాసు పత్రికలోనే. ఆ దేశంలో మగవాళ్ళు పరదాలో ఉంటారు, ఆడవాళ్ళు ఎండతో వంట చేసుకుంటూ, మబ్బుల నుంచి నీళ్ళు తీసుకుంటూ రాజ్యం నడుపుతారు. ఆ కథను ఆడపిల్లల చేత బిగ్గరగా చదివించాలి. మగపిల్లలు నోరు మూసుకుని వినాలి.

నాలుగో వారం చదవడం తగ్గించి రాయడం. విషయం ఒక్కటే: 2075లో మన ఊరు. చెరువు ఎట్లా ఉంటుంది, జడ్చర్ల బస్సు ఎట్లా ఉంటుంది, పని కోసం ఎవరైనా ఊరు విడిచిపోతారా పోరా. ఒక్కొక్కరు రెండు పేజీలు. తప్పులు దిద్దొద్దు, మార్కులు వేయొద్దు. మిగిలిన రోజుల్లో రాసినవాళ్ళు తమ కథను తామే చదవాలి. ఆగస్టు 23న వాటన్నిటినీ కుట్టి ఒక పుస్తకం చేసి బడిలో పెడదాం. శతాబ్ది ఉత్సవం చేసేవాళ్ళు తీసి చదువుకుంటారు. మనం ఏమి పొడిచామో ఈ సావనీరు చూసి తెలుసుకుంటారు, పిల్లలు ఏం కోరుకున్నారో ఆ పుస్తకం చూసి తెలుసుకుంటారు.

తెలుగులో దొరికే పుస్తకాలు కొంటాం. దొరకనివాటిని మనలో చదువుకున్నవాళ్ళు ఒక్కొక్కటి తీసుకుని నాలుగు పేజీల తెలుగులో చెప్పి రాసివ్వాలి. అమెరికాలో ఉన్న తమ్ముళ్ళు డబ్బు పంపుతామంటున్నారు. డబ్బుతో పాటు, ఒక్క సాయంత్రం వీడియో కాల్లో ఒక్క కథ చదివి వినిపించండి. పిల్లలకు మీ జీతం కంటే మీ గొంతు గుర్తుంటుంది.

ఇక డబ్బు సంగతి. స్వర్ణోత్సవ జ్ఞాపకంగా గేటు దగ్గర కమాన్ కట్టాలని సంఘం తీర్మానం చేసింది. దాతల పేర్లు చెక్కిస్తారట. కట్టండి, నేను అడ్డు చెప్పను. నేను కూడా చందా ఇచ్చాను. అయితే లెక్క వేసి చూశాను. అరవైమంది పిల్లలకు, వారానికి పదిహేను చిన్న పుస్తకాల చొప్పున నాలుగు వారాలకు అరవై పుస్తకాలు, రెండు చాపలు, ఒక తాళం లేని అలమర. కమాన్ మీద పెట్టే రంగుల ఖర్చంత కూడా కాదు. కమాన్ ఒక వరుస తక్కువ ఎత్తు కట్టినా పిల్లలు కిందనుంచే పోతారు, ఎవరి తలా తగలదు.

ఒక అనుమానం మిగిలిపోయింది. నెల రోజులు కథలు చదివితే పదో తరగతి ఫలితాలు పెరుగుతాయా అని మొన్న కమిటీలో ఒక మిత్రుడు అడిగాడు. పెరుగుతాయని నేను హామీ ఇవ్వలేను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, అబద్ధపు హామీలు ఇచ్చే వయసు దాటింది. నేను చెప్పగలిగింది ఇంతే. కాలువ దగ్గర గుడిసెల ముందు ఒక పన్నెండేళ్ళ పిల్లవాడి దగ్గర పుస్తకం లేదు, పలక లేదు, బడి లేదు. మూడు రాత్రులకు సరిపోయే కథ మాత్రం ఉంది. అది అయిపోయాక నాలుగో రాత్రి తనంతట తాను కల్పించుకోగలిగాడు. తిరిగొచ్చాక వాడు బడి మానలేదు. ఎందుకు మానలేదని మా నాయన ఒకసారి అడిగితే, ఆ కథ తర్వాతేమైందో తెలుసుకోవాలి అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అయినా సరేనన్నాడు.

చందా పుస్తకం తెచ్చుకున్నాను. భోజనాల దగ్గర, చేతులు కడిగే చోట కూర్చుంటాను, తప్పించుకోవడానికి వీలుండదు. డబ్బు లేనివాళ్ళు ఇంట్లో అటక మీద ఉన్న పాత చందమామలు తెచ్చివ్వండి. 1977వి ఎవరి దగ్గరన్నా ఉంటే మాత్రం పిల్లలకిచ్చే ముందు ఒక్క రాత్రి నాకివ్వండి.